బొంబాయి కాలిన ఏడు

బొంబాయికి రెండు సముద్రాలున్నాయి. సినిమాల్లో కనిపించేది పడమటిది. మెరైన్ డ్రైవ్, చౌపాటీ, జుహూ, గట్టు మీద ఒకరికొకరు ఆనుకుని కూర్చున్న జంటలు. రెండోది తూర్పు సముద్రం. దాన్ని చూడ్డానికి ఎవరూ పనిగట్టుకుని వెళ్లరు. ఊరికి అన్నం పెట్టింది మాత్రం అదే.

నేను పుట్టింది కాకినాడలో. రేవంటే ఏమిటో చిన్నప్పుడే కొంచెం తెలుసు. హోప్ ఐలాండ్ అడ్డం పడుకుని ఉండబట్టి కాకినాడ నీళ్లు నిమ్మళంగా ఉంటాయి, ఓడలు ఆగుతాయి. బొంబాయిలో ఆ పని ఊరే చేస్తుంది. నైరుతి వానలు, గాలులు పడమటి ఒడ్డుని బాదుతుంటే ఊరున్న దీవి అడ్డుగోడలా నిలబడుతుంది. దాని వెనక, కొంకణ తీరానికీ దీవికీ మధ్య, లోతైన నీళ్లు పదిలంగా ఉంటాయి. పోర్చుగీసు రాజకుమార్తె కాథరీన్ పెళ్లి ఒప్పందంలో 1661లో ఈ దీవులు ఇంగ్లండు రాజుకి కట్నంగా వెళ్లడం, 1668లో ఆయన వాటిని ఏడాదికి పది పౌండ్ల అద్దెకి ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేయడం అందరూ చెప్పే కథే. అద్దెకి తీసుకున్నది నేలని కాదు, ఆ నీళ్లని. నేల అప్పటికి చాలామటుకు బురదే.

మాకు ఊళ్లో ఉన్నది ఒక్క రోజు. ఆ ఒక్క రోజూ పడమటి వైపు తిరక్కూడదని షరతు పెట్టింది మా ఆవిడ. తనది సిరిసిల్ల. ఆ షరతుకి తన కారణం తనకుంది, తర్వాత చెప్తాను.

పొద్దున ఆరింటికల్లా కొలాబాలోని ససూన్ డాక్ దగ్గరున్నాం. వాసన ముందు వస్తుంది, రేవు తర్వాత కనిపిస్తుంది. పడవల్లోంచి గంపలు దిగుతున్నాయి, ఐసు పగలగొడుతున్నారు, కోలీ ఆడవాళ్లు వేలంపాటలో గొంతు చించుకుంటున్నారు. రొయ్యలు ఒలిచేవాళ్లు వరసగా నేల మీద కూర్చుని ఉన్నారు. ఇది 1875లో కట్టిన రేవు. బాగ్దాదు నుంచి వచ్చి స్థిరపడ్డ యూదు కుటుంబం ససూన్‌లది. నల్లమందు చైనాకి, పత్తి ఇంగ్లండుకి పంపి సంపాదించారు. వాళ్లొక్కళ్లే కాదు, అప్పటి బొంబాయి షావుకార్లలో చాలామంది సొమ్ముకి ఆ రెండు వాసనలూ ఉంటాయి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోతే లాంకషైర్ మిల్లులు బొంబాయి వైపు చూశాయి. నాలుగేళ్లు ఊళ్లో డబ్బు వాన కురిసింది. 1865లో యుద్ధం ఆగింది, బ్యాంకులు కూలాయి. మిగిలిన డబ్బూ, మిగిలిన ఆశా కలిసి రేవులయ్యాయి. 1873లో పోర్ట్ ట్రస్టు వచ్చింది, 1880లో ప్రిన్సెస్ డాక్, ఆ దశాబ్దం చివర్లో విక్టోరియా డాక్, 1914లో అలెగ్జాండ్రా డాక్. ఈ పేర్లలో రెండోదాన్ని గుర్తుపెట్టుకోండి.

ససూన్ డాక్ నుంచి గేట్‌వే ఆఫ్ ఇండియాకి టాక్సీలో పది నిమిషాలు. అక్కడ ఎక్కువసేపు నిలబడాలనిపించలేదు. ఐదో జార్జి చక్రవర్తి 1911 డిసెంబరులో దిగినందుకు గుర్తు అంటారు గానీ, ఆయన దిగిన రోజున ఆ కమాను లేదు. అట్టతో చేసిన నమూనా ఒకటి నిలబెట్టి చూపించారు. రాతి కట్టడం పూర్తయి, వైస్రాయి వచ్చి తెరిచేసరికి 1924 డిసెంబరు 4. 1948 ఫిబ్రవరి 28న చివరి బ్రిటిష్ పటాలం ఇందులోంచే నడిచి ఓడెక్కింది. అంటే కట్టినవాళ్లకి అది పనికొచ్చింది పాతికేళ్లు కూడా లేదు. గాంధీ దక్షిణాఫ్రికా నుంచి 1915 జనవరి 9న దిగింది కూడా ఇక్కడే, అపోలో బందర్‌లోనే. అప్పటికీ కమాను లేదు. నాకు ఆ సంగతి బాగా నచ్చింది.

ఆ చప్టా మీద నిలబడి గుర్తు చేసుకోవలసింది నిజానికి 1946 ఫిబ్రవరి. కొలాబాలోని తల్వార్ అనే నౌకాదళ శిక్షణ కేంద్రంలో 18వ తేదీన నావికులు తిండి బాగాలేదని అన్నం ముట్టలేదు. మూడు నాలుగు రోజుల్లో అది డెబ్భై ఎనిమిది ఓడలకీ, ఇరవై వేల మంది నావికులకీ పాకింది. ఓడల మీద కాంగ్రెస్, లీగ్, ఎర్ర జెండాలు పక్కపక్కనే ఎగిరాయి. ఓడల్లో ఉన్నవాళ్లకి తిండి అందకుండా చేస్తే, ఊళ్లో జనం పొట్లాలు కట్టుకుని ఈ ఒడ్డుకే వచ్చారు. 22న వీధుల్లో కాల్పులు జరిగి రెండు వందల మందికి పైగా పోయారు. నాయకులు లొంగిపొమ్మన్నారు, నావికులు లొంగిపోయారు. కొలాబాలో వాళ్ల స్మారకం 2001లో వెలిసింది. గేట్‌వే ముందు ఫొటో దిగేవాళ్లలో వందకి ఒక్కరైనా అటు వెళ్తారా అంటే నాకు అనుమానమే.

ఎలిఫెంటా పడవెక్కాం. గంట ప్రయాణం. గుహల కోసం అనుకున్నాం గానీ, బొంబాయి రేవుని చూడగలిగిన చోటు ఆ పడవేనని సగం దూరం పోయాక తెలిసింది. ఒడ్డు మీద ఎక్కడ నిలబడినా రేవు గోడ వెనకే ఉంటుంది. నీళ్ల మీద నుంచి చూస్తే యుద్ధనౌకలు (ఫొటోలు తీయొద్దని పడవవాడు కేకలేస్తూనే ఉన్నాడు), క్రేన్లు, చమురు దింపే జవహర్ ద్వీప్, దూరంగా అటల్ సేతు గీత, ఎదుటి ఒడ్డున నవా షేవా క్రేన్ల గుంపు. 1989లో నవా షేవా మొదలయ్యాక పెట్టెల ఓడలు మెల్లగా అటు తరలిపోయాయి. మేం చూస్తున్న రేవులో సగం ఇప్పుడు జ్ఞాపకమే.

గుహల గురించి రాయను. ఆ మూడు ముఖాల శివుడి ఎదుట మాటలు తగ్గించుకోవడమే మంచిది. ఒక్క చిన్న సంగతి: ఆ దీవి అసలు పేరు ఘారాపురి. ఒడ్డున పెద్ద రాతి ఏనుగు ఉండేది కాబట్టి పోర్చుగీసువాళ్లు ఎలిఫెంటా అన్నారు. 1864లో దాన్ని ఇంగ్లండు తీసుకుపోదామని ఎత్తబోతే ముక్కలైంది. ఇప్పుడు దీవిలో ఏనుగు లేదు, పేరే ఉంది. ఆ ఏనుగుని సాయంత్రం వేరే చోట చూశాం.

తిరిగొచ్చి బలార్డ్ ఎస్టేట్‌లో, వందేళ్లు దాటిన ఒక ఇరానీ హోటల్లో బెర్రీ పులావ్ తిన్నాం. ఆ పేటంతా ఒకే ఎత్తులో, ఒకే రకం రాయితో, లండన్ ముక్క తెచ్చి అతికించినట్టు ఉంటుంది. గేట్‌వే గీసిన జార్జ్ విటెట్టే దీనికీ రూపం ఇచ్చాడు. నేల ఎక్కడిదీ? అలెగ్జాండ్రా డాక్ కోసం తవ్విన మట్టిని సముద్రంలో పోస్తే వచ్చిన నేల. తవ్వింది ఎవరు, మోసింది ఎవరు అనేది ఏ భవనం మీదా చెక్కలేదు. వాస్తుశిల్పి పేరు దొరుకుతుంది, ట్రస్టు అధ్యక్షుడి పేరు పేటకే పెట్టారు. తట్ట మోసినవాళ్ల సంగతి రావాలంటే మాత్రం సాయంత్రం దాకా ఆగాలి.

భోజనం అయ్యాక పి. డిమెలో రోడ్డు మీద ఉత్తరంగా నడిచాం. డిమెలో రేవు కార్మికుల సంఘం నాయకుడు. ఈ ఊళ్లో కూలీల తరఫు మనిషి పేరున్న పెద్ద రోడ్లు ఎక్కువ లేవు. కుడి పక్క పొడుగునా గోడ. మధ్యలో గేట్లు: గ్రీన్ గేట్, రెడ్ గేట్, యెల్లో గేట్. చదువు రాని కూలీ కూడా రంగు పోల్చుకుంటాడని అలా పెట్టారేమో అనిపించింది. లారీలు, దుమ్ము, టీ బండ్లు. చూడ్డానికి ఏమీ లేదు. మా ఆవిడ ఒక గేటు ఎదుట ఆగిపోయింది.

"మా నాయనమ్మ బొంబాయి కాలిన ఏడు పుట్టింది" అంది.

ఈ మాట పెళ్లైన కొత్తలో ఒకసారి విన్నాను, ఏదో నానుడి అనుకుని వదిలేశాను. వాళ్ల ఇంట్లో అది నానుడి కాదు, పుట్టినరోజు. నాయనమ్మ ఆధార్ కార్డులో పుట్టిన తేదీ జనవరి ఒకటి, 1950. మన ఊళ్లలో ఒక తరం మొత్తం జనవరి ఒకటినే పుట్టింది కదా. ఆమెని అడిగితే మాత్రం, "మా నాయిన బొంబాయిల ఉండె. బొంబాయి కాలింది. కాల్చినోళ్లు జపానోళ్లని భయపడి ఇంటికొచ్చిండు. అప్పుడు నేను కడుపుల ఉన్న" అంటుందట. నేత పని మీద వెళ్లినవాడు ఎక్కడ ఉన్నాడు, ఏ గల్లీ, ఏ మిల్లు అనేవి ఎవరికీ తెలీవు. ఒక్కటే తెలుసు: కామాటిపుర.

కాలింది 1944 ఏప్రిల్ 14న. శుక్రవారం. ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ ఇంగ్లండులో బయల్దేరి కరాచీ మీదుగా వచ్చి విక్టోరియా డాక్‌లో ఆగింది. యుద్ధకాలం. కడుపులో దాదాపు 1,400 టన్నుల పేలుడు సామగ్రి, యుద్ధ విమానాల భాగాలు, 124 బంగారు కడ్డీలు. కరాచీలో దానికి 8,700 పత్తి బేళ్లు తోడు చేశారు, నూనె పీపాలు కూడా. పత్తి పక్కన మందుగుండు పెట్టకూడదని తెలియక కాదు, యుద్ధంలో ఓడలో ఖాళీ ఉండటం నేరం. మామూలు రోజుల్లో మందుగుండు ఓడ ఎర్రజెండా ఎగరేయాలి, రేవు లోపలికి రాకుండా దూరంగా ఆగాలి. ఇదీ జరగలేదు. 12న వచ్చిన ఓడ 14 మధ్యాహ్నానికి కూడా పూర్తిగా దిగలేదు.

మధ్యాహ్నం ఒకటిన్నర, రెండు మధ్య రెండో నంబరు అరలోంచి పొగ కనిపించింది. పత్తి మంట బయటికి మండదు, లోపల్లోపల రాజుకుంటుంది. అందులోకి వందల టన్నుల నీళ్లు కొట్టారు. ఓడని ముంచేద్దామా, సముద్రంలోకి లాగేద్దామా, ఆర్పుతూనే ఉందామా అని పెద్దలు ఒక మాట మీదికి రాలేదు. ఫైరింజన్లవాళ్లు మాత్రం కదల్లేదు. నాలుగూ ఆరుకి ఓడ పేలింది. రేవు గడియారం ఆ నిమిషం దగ్గరే ఆగిపోయింది. అరగంటలో రెండోసారి, మొదటిదాన్ని మించి. జలపద్మ అనే నాలుగు వేల టన్నుల ఓడ లేచి గట్టు మీద పడింది. సిమ్లాలో భూకంప యంత్రం కదిలిందంటారు. మండుతున్న పత్తి బేళ్లు ఎగిరి ఊరి మీద పడ్డాయి, ఎక్కడ పడితే అక్కడ కొత్త మంట. మంటలు అదుపులోకి రావడానికి మూడు రోజులు పట్టింది. పదికి పైగా ఓడలు పోయాయి. దాదాపు ఎనభై వేల మందికి ఇల్లు లేకుండా పోయింది. మైలు దూరంలో ఒక పార్సీ పెద్దాయన ఇంటి మీదికి పన్నెండు కేజీల బంగారు కడ్డీ ఒకటి వచ్చి పడితే, ఆయన దాన్ని తిరిగి అప్పగించాడు. మిగతా కడ్డీలు పూడిక తీసినప్పుడల్లా దశాబ్దాల తరబడి దొరుకుతూనే వచ్చాయి.

కడ్డీలకి లెక్క ఉంది. ఓడలకీ ఉంది. చనిపోయినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి లెక్క తడబడుతుంది: ఎనిమిది వందలని కొందరు, పదమూడు వందలని కొందరు. మధ్యలో ఐదు వందల తేడా. ఒక ఊళ్లో ఐదు వందల మంది ఉన్నారో లేరో తేలకపోవడం ఎలా సాధ్యం? రేవు కూలీ అంటే అప్పటికి ఏ రోజుకారోజు మనిషి. పొద్దున గేటు దగ్గర ముఠా మేస్త్రీ వేలు చూపించినవాడే ఆ రోజుకి రేవు మనిషి. రేవు కూలీల పేర్లు చిట్టాలో రాసుకుని పని హామీ ఇచ్చే చట్టం వచ్చింది 1948లో. పేలుడుకి నాలుగేళ్ల తర్వాత. చిట్టాలో లేనివాడు చచ్చిపోయినా చిట్టాలోకి ఎక్కడు.

ఇంకొకటి. యుద్ధం కాబట్టి వార్తని తొక్కిపెట్టారు. జపాన్ చేతిలో ఉన్న సైగాన్ రేడియో ముందు చెప్పింది, మన పత్రికలు రాయడానికి మే నెల దాకా ఆగాల్సి వచ్చింది. ఈ మధ్యలో ఊరు వదిలి పారిపోయినవాళ్ల నోటితోనే ఆ వార్త పల్లెలకి చేరింది. జపానువాళ్లు బాంబు వేశారన్న పుకారుతో సహా. సిరిసిల్లలో నాయనమ్మ చెప్పే మాటలో తప్పు ఉందని నేను అనబోయాను. తప్పు కాదు, అది 1944 ఏప్రిల్ నెల బొంబాయి గొంతు చెక్కుచెదరకుండా మిగలడం. పత్రిక దాచిన దాన్ని ఒక పుట్టినరోజు దాచిపెట్టింది.

"అయితే పెద్దమనిషి 1944ల పుట్టింది. ఆర్నెల్లు గూడ కలిపితే దీపావళి మీద" అని మా ఆవిడ వేళ్లు మడిచి లెక్కేసింది. పింఛను కాగితాల కోసం ఆరేళ్లు పెద్దదాన్ని చేయొచ్చేమో అని కూడా అంది. నవ్వుతూనే అంది.

అక్కణ్నుంచి బైకుల్లా వెళ్లాం. అగ్నిమాపక దళం కేంద్ర కార్యాలయంలో ఆ రోజు చనిపోయిన 66 మంది సిబ్బందికి స్మారకం ఉంది. దేశమంతా ఏటా ఏప్రిల్ 14 నుంచి వారం రోజులు అగ్నిమాపక వారోత్సవాలు చేసేది వాళ్ల పేరు మీదే. స్కూల్లో ఆ వారం వక్తృత్వ పోటీల్లో మాట్లాడిన నాకు ఆ తేదీ ఎందుకో ఎవరూ చెప్పలేదు. పక్కనే జీజామాతా ఉద్యానం, అందులో ఎలిఫెంటా ఏనుగు. ముక్కలైనదాన్ని 1914లో మళ్లీ అతికించారు. అతుకులు కనిపిస్తూనే ఉన్నాయి. పిల్లలు ఎవరూ దానివైపు చూడ్డం లేదు, పెంగ్విన్లని చూడ్డానికి పరిగెడుతున్నారు. మేం మాత్రం కాసేపు చూశాం.

కామాటిపుర అనగానే టాక్సీ డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని రెండుసార్లు చూశాడు. ఆ పేరుకి ఊరంతా, సినిమాలన్నీ ఒకటే అర్థం ఇచ్చాయి. ఆ అర్థం కూడా రేవే తెచ్చింది, దిగిన నావికులూ సోల్జర్లూ తెచ్చారు. అంతకు ముందే ఆ పేరు ఉంది. కామాటి అంటే కూలిపని చేసేవాడు. పాత తెలుగు నిఘంటువుల్లో ఉన్న మాటే. హైదరాబాద్ పాతబస్తీలోనూ ఒక కామాటిపుర ఉంది. బొంబాయి దీవుల మధ్య సముద్రపు పోటు లోపలికి రాకుండా 1780ల్లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట వేశాక ఈ పల్లపు నేల ఆరింది. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యం తెలుగు పల్లెల వాళ్లు వచ్చి ఇక్కడ గుడిసెలు వేసుకున్నారు. మట్టి తవ్వారు, రాళ్లు కొట్టారు, ఇళ్లు లేపారు. వాళ్లలో కొందరు కంట్రాక్టర్లయ్యారు. జోతిరావు ఫూలే సత్యశోధక్ సమాజానికి బొంబాయిలో అండగా నిలబడ్డవాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు, వెంకు బాలోజీ కాళేవార్ లాంటి తెలుగువాళ్లు ఉన్నారు. ఫూలేని చదివే మన మిత్రులు ఈ పేర్లని దాటేసి ఎందుకు పోతారో నాకు అంతుపట్టదు. తెలుగు సాహిత్య చరిత్రల్లో బొంబాయి అంటే సినిమా స్టూడియోలో, అభ్యుదయ సభలో వస్తాయి. అంతకు వందేళ్ల ముందే అక్కడ తెలుగు పేట ఉందన్న ముక్క రాదు. మిల్లులు వచ్చాక పద్మశాలీలు వెళ్లారు, తర్వాత పాలమూరు తాపీ కూలీలు, ఆ తర్వాత దుబాయి విమానం కోసం ఏజెంటు గదిలో నెలల తరబడి కాచుకున్న కరీంనగర్, నిజామాబాద్ కుర్రాళ్లు. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని తెలంగాణలో ఊరికే అనలేదు.

గల్లీలకి పేర్లు లేవు, అంకెలే. ఒకటి నుంచి పద్నాలుగు. మా ఆవిడ మొదటి గల్లీ నుంచి మొదలుపెట్టింది. ఇనప సామాన్లు, జరీ పని, పాత బట్టల మూటలు, కింద కొట్టూ పైన కొయ్య వరండా ఉన్న ఇళ్లు. చాలావాటికి వెదురు పరంజా. కూలకుండా కట్టారో కూల్చడానికి కట్టారో చెప్పలేం. పేట మొత్తం కొత్తగా కట్టే పథకం నడుస్తోందని తెలుసు. ఏదో గల్లీలో ఒక కొట్టు ముందు మేం తెలుగులో మాట్లాడుకుంటుంటే, లోపల కూర్చున్న ముసలాయన కళ్లద్దాలు పైకి తోసి, "ఏ ఊరు బిడ్డా?" అన్నాడు. సిరిసిల్ల అంది తను. ఆయనది సిద్దిపేట పక్క. ఇక్కడే పుట్టాడట. ఊరికి పోయింది నాలుగుసార్లు. తను ముత్తాత సంగతి చెప్పి, అప్పట్లో నేతవాళ్లు ఏ గల్లీలో ఉండేవాళ్లని అడిగింది.

"పేరేంది?"

తను చెప్పింది.

"ఒక్కొక్క ఖోలీల పదిహేను మంది పండుకునేటోళ్లు తల్లీ. పగటి పాళీ ఆయన లేస్తే రాత్రి పాళీ ఆయన అదే చాప మీద పండుకునేటోడు. గంట పేర్లు ఎవలు రాసుకున్నరు" అన్నాడు. చాయ్ తెప్పించాడు. మేం తాగుతుంటే, మాకు కాదన్నట్టు, "ఏడో గల్లీల సూడు, పాత బిల్డింగులు ఇంకా రెండు ఉన్నయ్. వచ్చే యాడాది ఉంటయో ఉండయో" అన్నాడు.

ఏడో గల్లీకి వెళ్లేసరికి దీపాలు పెట్టారు. మా ఆవిడ నాయనమ్మకి వీడియో కాల్ చేసి ఫోనుని ఒక మెట్ల దారి వైపు తిప్పింది. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత, "అక్కడ నీళ్ల నల్లా కింద ఉంటదా, మీద ఉంటదా?" అని అడిగింది. వాళ్ల నాయన ఎప్పుడూ నల్లా కాడ కొట్లాట గురించే చెప్పేవాడట.

నల్లా కిందే ఉంది. బిందెలు వరసలో ఉన్నాయి.